టికెట్ మీద రెండున్నర, గాలిలో నాలుగు

ఏడో తరగతి పిల్లలకు ఇప్పుడు కాలం, దూరం, వేగం లెక్కలు నడుస్తున్నాయి. ఇంట్లో పాత విమానం టికెట్ ఉంటే వాళ్ల చేతికివ్వండి. ఉదయం 10 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12.30కి దుబాయ్‌లో దిగే టికెట్ అనుకుందాం. చాలామంది వెంటనే రెండున్నర గంటలు అనేస్తారు. పెద్దవాళ్లమూ అంతే. అప్పుడు వేగం కట్టమనండి. ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గం నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. రెండున్నరతో భాగిస్తే గంటకు 1,020 వస్తుంది. ప్రయాణికుల జెట్ విమానం మామూలుగా ఎగిరేది 850, 900 వేగంతో. తప్పు ఎక్కడుందో వెంటనే చెప్పేయకండి, కాసేపు తల గోక్కోనివ్వండి.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. అంటే ప్రయాణం నాలుగు గంటలు, సగటు వేగం దాదాపు 640. రన్‌వే మీదికి వెళ్లడం, పైకి లేవడం, దిగడం అన్నీ అందులోవే.

తిరుగు ప్రయాణంలో గంటన్నర కలపకూడదు, తీసేయాలి. మార్కులు పోయేది ఇక్కడే. మధ్యాహ్నం 2కి అక్కడ బయలుదేరి రాత్రి 7కి ఇక్కడ దిగితే ఐదు గంటలు కాదు, మూడున్నర. పైన వీచే పడమటి గాలులు, ముఖ్యంగా చలికాలంలో, విమానాన్ని వెనక నుంచి తోస్తాయి కాబట్టి ఆ అరగంట మిగులుతుంది.

నాన్న దుబాయ్‌లో ఉన్న ఇళ్లలో ఈ లెక్క రోజూ ఉండేదే. ఆయన డ్యూటీ దిగి 9 గంటలకు ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర, పిల్లలు నిద్రపోయే వేళ.