తన, తమ – మన ఇంగ్లీషు తిప్పలు

సైన్సు చదివేవాడికి వ్యాకరణంతో పనేమిటని నవ్వకండి. బ్యాంకు పరీక్ష రాసినా, మరే ఉద్యోగానికి కూర్చున్నా "తప్పున్న వాక్యమును సరిదిద్దుము" అనే ప్రశ్న మనల్ని వదలదు. పల్లెల్లో తెలుగు మీడియంలో చదివివచ్చిన వారికి ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. దీనికి కారణం తెలివి తక్కువై కాదు, మన భాష కట్టుబాటు వేరు కావడం వల్లనే అని నా అభిప్రాయం.

"అమ్మ వచ్చింది", "గేదె వచ్చింది" అంటాం. క్రియ ఒక్కటే. నాన్న మాత్రం "వచ్చాడు". పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పురుషులను మహత్తులన్నాడు. స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను అమహత్తుల్లో చేర్చాడు. (మా అక్క ఈ మాట వింటే ఊరుకోదు!) బహువచనంలో మళ్ళీ ఆడవాళ్ళు "వచ్చారు", గేదెలు "వచ్చాయి". ఇంగ్లీషు దీనికి తలకిందులు. ఏకవచనంలో హి, షి, ఇట్ అని మూడు. బహువచనంలో మనుషులకీ గొడ్లకీ ఒకటే 'దే'.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "ఈచ్ ఆఫ్ ది ఫార్మర్స్ హావ్ పెయిడ్ దెయిర్ వాటర్ టాక్స్." పరీక్షలో కావలసింది "హాజ్ పెయిడ్ హిజ్". "ప్రతి రైతూ తన నీటితీరువా కట్టాడు" అని మనసులో అనుకుంటే ఏకవచనం దానంతట అదే వస్తుంది. 'తన' వస్తే హిజ్, హర్, ఇట్స్. 'తమ' వస్తే దెయిర్. కాని "ప్రతి ఒక్కరూ తమ తీరువా కట్టారు" అనుకున్నామా, మన మర్యాదే మనల్ని ముంచుతుంది! 'ఒక్కరు' అనే గౌరవం ఒక్క మనిషిని పదిమందిని చేస్తుంది. 'ఎవ్రీవన్' తర్వాత 'దెయిర్' రాయడం ఇవాళ ఇంగ్లీషువాళ్ళకీ మామూలే. క్రియ మాత్రం 'హాజ్' కావలసిందే.

ఇక విశేషణాల వరస. "ది ఫార్మర్ ఈజ్ ఆనెస్ట్, పేషెంట్ అండ్ హావింగ్ కరేజ్." తెలుగులో "నిజాయితీ, ఓర్పు, ధైర్యం గల రైతు" అంటే చివరనున్న 'గల' ఒక్కటే మూడింటినీ మోస్తుంది. ఇంగ్లీషులో అలా మోసేవాడు లేడు. ప్రతి మాటా తన కాళ్ళమీద, అదే రూపంలో నిలబడాలి: ఆనెస్ట్, పేషెంట్ అండ్ బ్రేవ్. లేకపోతే ఎద్దు ఎండకి, దున్న నీడకి లాగినట్టే. మన ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక వాక్యం: "ది ఆనికట్, ప్లాన్డ్ బై కాటన్ అండ్ విచ్ వజ్ కంప్లీటెడ్ ఇన్ 1852, చేంజ్డ్ ది డెల్టా." 'అండ్'కి అటూ ఇటూ చూడండి. 'విచ్ వజ్' తీసేస్తే జత కుదురుతుంది. ఈ చెవి మనకి కొత్త కాదు. "దున్ని, దమ్ము చేసి, ఊడ్చి వచ్చారు" అంటామే గాని, "దున్ని, దమ్ము చేయడం, ఊడ్చి వచ్చారు" అని బడి గడప తొక్కని మా తాత కూడా అనడు.

ఇది మీరే దిద్దండి: "ఈచ్ ఆఫ్ ది బుల్లక్స్ హావ్ లాస్ట్ దెయిర్ బెల్." తప్పులు రెండు. మా ఇంట్లో ఎడ్లకి పేర్లున్నాయి కాబట్టి 'హిజ్' అనే అంటారు. మీరు పరీక్షలో మాత్రం 'ఇట్స్' రాయండి.