కార్బురేటరు రోగనిదానము: పాత బుల్లెట్టుపై ఒక పాఠము

మద్రాసులో 1955 నుండి తయారైన బుల్లెట్టు మోటారు సైకిలు మన పట్టణములలో చిరపరిచితము. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నియమములు అమలునకు వచ్చిన పిదప క్రొత్త బండ్లలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షను ప్రవేశించినది. అయినను కార్బురేటరు గల పాత బండ్లు నేటికిని నడచుచున్నవి. వాటిని బాగుచేయు విద్య ఉస్తాదుల చేతులలో నున్నది. ఆ చేతిపనికి మూలమైన శాస్త్రమును విద్యార్థులకు తెలుపుటయే మా ఉద్దేశము.

పెట్రోలు పూర్తిగా మండుటకు బరువు లెక్కన 1 పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. కార్బురేటరు ఇరుకు గొట్టములో గాలి వేగము పెరిగి పీడనము తగ్గును. 1738లో బెర్నౌలీ ప్రకటించిన సూత్రమిదియే. ఆ అల్పపీడనమునకు పెట్రోలు జెట్టు నుండి పైకి లేచి గాలితో కలియును. పెట్రోలు ఎక్కువైన మిశ్రమము చిక్కన, తక్కువైన పలుచన. చిక్కనైనచో నల్లని పొగ, పెట్రోలు వృథా. పలుచనైనచో ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను పట్టివేయుటయు కలదు. కావున ఈ నిదానము కేవలము మైలేజీకి సంబంధించినది కాదు.

మొదట కార్బురేటరును విప్పరాదు. స్పార్కు ప్లగ్గు, కాంటాక్టు పాయింట్లు, ఎయిర్ ఫిల్టరు పరీక్షింపవలెను. బండి కొంత దూరము చక్కగ నడచి ఆగి, కొంతసేపటికి మరల నడచినచో ట్యాంకు మూతలోని గాలి రంధ్రము మూసికొని యుండవచ్చును. మూత వదులు చేయగనే బండి నడచినచో దోషము అచటనే కలదు.

పిదప అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: త్రాటిల్ ఎంత తెరచినపుడు బాధ కలుగుచున్నది? హ్యాండిలు పిడిపై కాగితపు పట్టీ అంటించి పావు, సగము, ముప్పావు గుర్తులు పెట్టిన తెలియును. మూసియున్నపుడును, కొద్దిగా తెరచినపుడును పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ పనిచేయును. పావు మొదలు ముప్పావు వరకు స్లైడునకు వ్రేలాడు సూది ముఖ్యము. ముప్పావు దాటిన మెయిన్ జెట్టుదే అధికారము.

ఐడిలింగులో ఆగిపోవు బండికి పైలట్ జెట్టు శుభ్రపరుపవలెను. ఎయిర్ స్క్రూ లోనికి త్రిప్పిన మిశ్రమము చిక్కనగును, వెలికి త్రిప్పిన పలుచనగును. సగము త్రాటిల్‌లో దోషమున్నచో సూది క్లిప్పును ఒక్క గాడి మార్చవలెను. క్లిప్పును క్రిందికి దింపిన సూది పైకి లేచి మిశ్రమము చిక్కనగును. పూర్తి వేగమున బలము తగ్గినచో మెయిన్ జెట్టును చూడవలెను. పెట్రోలు పొంగి కారుచున్నచో ఫ్లోటు పగులును, నీడిల్ వాల్వుపై మలినమును వెదకవలెను. ఫ్లోటును చెవి వద్ద ఊపినపుడు లోపల పెట్రోలు చప్పుడైనచో అది పనికిరాదు.

జెట్టును ఇనుప తీగతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైనచో కొలత చెడును. పెట్రోలుతో కడిగి గాలి ఊదవలెను. ఈ పనులన్నియు ఇంజను చల్లారిన పిదప, నిప్పునకు దూరముగ, ఆరుబయట చేయవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో ఏది ఫలించెనో తెలియదు. మార్పు చేసి కొంత దూరము నడపి ప్లగ్గును చూడవలెను. మసి నలుపైన చిక్కన, తెల్లనైన పలుచన, లేత గోధుమవన్నె సరియైనది.

ప్రయోగశాలలో మనము నేర్చు పద్ధతియు ఇదియే గదా! నిరుపయోగమైన పాత కార్బురేటరు నొకదానిని భౌతికశాస్త్ర ప్రయోగశాల బల్లపై ఉంచినచో బెర్నౌలీ సూత్రము విద్యార్థుల కన్నులకు కట్టును. కళాశాల కమిటీవారు ఈ విన్నపమును ఆలోచింతురని ఆశించుచున్నాము.