పరిమళమునకు లొంగు పండు ఈగ

పైకి నిగనిగలాడు మామిడిపండును కోయగా లోపల తెల్లని పురుగులు కదలుట మన రైతులకు క్రొత్త కాదు. ఆడ ఈగ తోలు క్రింద గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు గుజ్జును తిని, పిదప నేలలో దూరి, కొన్ని దినములకు ఈగలై లేచును. ఈ ఈగల సంతతి వృద్ధికిని మొక్కల వాసనకును గల సంబంధమును పంచాయతీ సభ్యులకు ఇచట తెలుపుచున్నాము.

తులసిలోను, మరి పెక్కు మొక్కల ఆకులలోను పూలలోను మిథైల్ యూజినాల్ అను సుగంధద్రవ్యము కలదు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేసిన హౌలెట్ అను శాస్త్రజ్ఞుడు సిట్రొనెల్లా నూనెకు మగ ఈగలు మూగుటను 1912లో ప్రకటించెను. 1915లో మిథైల్ యూజినాల్‌కు గల ఆకర్షణను వెల్లడించెను.

మగ ఈగలే దానికై ఏల ఎగబడును? మగ ఈగ ఆ ద్రవ్యమును గ్రోలి, శరీరములో మార్చి, వెనుక భాగమందలి గ్రంథిలో నిలువ చేసికొనును. సంధ్యవేళ రెక్కలాడించుచు ఆ వాసనను గాలిలో వదలగా ఆడ ఈగ దరిజేరును. ఇట్లు గ్రోలిన మగవి, గ్రోలనివానికంటె ఎక్కువగా జతకూడునని ప్రయోగములు తేల్చినవి.

ఈ మోజే మనకు ఆయుధము. ఈ ద్రవ్యమును క్రిమినాశినితో కలిపి చెక్కముక్కకు పట్టించి, డబ్బాలో నుంచి చెట్టుకు వ్రేలాడదీసినచో మగ ఈగలు వచ్చి చచ్చును. కాని మందు బలము తగ్గి, ఈగ వాసన గ్రోలి ఎగిరిపోయినచో, మనమే దానిని పెండ్లికొడుకును చేసి పంపినట్లగును. కనుక ముక్కలను సకాలమున మార్చుచుండవలెను.

మరియొక సంగతి. ఒక మగ ఈగ పెక్కు ఆడ ఈగలతో జతకూడగలదు. సగము మగవి చచ్చినను, మిగిలినవి సంతతిని నిలుపును. ఒక్క రైతు డబ్బాలు కట్టి, పొరుగువాడు ఊరకున్నచో ఫలము స్వల్పము. పసిఫిక్ సముద్రమందలి రోటా దీవిలో 1960 దశకమున దీవి అంతటను ఇట్టి ఎరలు వెదజల్లుటచేతనే ఈ ఈగ నిర్మూలమైనది.

కావున కాయ పక్వమునకు రాకముందే, వ్యవసాయాధికారి సలహాతో, ఊరి తోటలన్నిటను ఒకేసారి డబ్బాలు కట్టుటకు పంచాయతీ తీర్మానింపవలెను. రాలిన పండ్లను ఏరించి లోతుగా పాతిపెట్టింపవలెను. కాకర, బీర పాదులను పాడుచేయు ఈగ వేరు. దానికి ఈ ఎర పనిచేయదు, వేరొక ఎర కలదు.

ఈగకు గట్టులు, సరిహద్దులు లేవు. మన ప్రయత్నమునకును ఉండరాదు.