మూడు ఏజెంట్లు, ఒక్క టెర్మినల్: టీమక్స్, గిట్ వర్క్‌ట్రీతో ఏఐ కోడింగ్ ఏజెంట్లని అదుపులో పెట్టడం ఎలా?

ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్. "ఒరేయ్, అందరి బాకీలూ సున్నా చూపిస్తున్నాయేంట్రా? నువ్వేమన్నా రుణమాఫీ చేశావా?"

బాబాయ్‌కి ఎరువుల షాపు ఉంది. సీజన్లో రైతులు అరువు మీద కట్టలు తీసుకెళ్తారు, పంట అమ్మాక కడతారు. ఆ ఖాతాల కోసం సెలవు రోజుల్లో కూర్చుని ఒక చిన్న వెబ్ యాప్ రాసిచ్చా. శనివారం రాత్రి దాని మీద రెండు ఏఐ కోడింగ్ ఏజెంట్లని ఒకేసారి వదిలి పడుకున్నా. తెల్లారేసరికి డేటాబేస్ ఖాళీ. గురువారం రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయా. శుక్ర, శనివారాల ఎంట్రీలు బాబాయ్ తన పుస్తకం చూసి మళ్లీ కొట్టారు. యాప్ వచ్చాక కూడా ఆయన ఆ పుస్తకం మానలేదని అప్పటిదాకా నాకు కొంచెం చిరాకుగా ఉండేది.

ఏ ఏజెంటో పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. దాన్ని నేను కూర్చోబెట్టిన చోటు తప్పు. ఈ ఆర్టికల్ అంతా ఆ "చోటు" గురించే.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం. టెర్మినల్లో నడిచే కోడింగ్ ఏజెంట్లు 2025లో వరసగా వచ్చాయి. ఆంత్రోపిక్ క్లాడ్ కోడ్ ఫిబ్రవరిలో, ఓపెన్‌ఏఐ కోడెక్స్ సీఎల్ఐ ఏప్రిల్లో, గూగుల్ జెమినై సీఎల్ఐ జూన్లో. ఇవి చాట్‌బాట్‌లా సలహా చెప్పి ఊరుకోవు. ఫైళ్లు తెరుస్తాయి, మారుస్తాయి, టెస్టులు రన్ చేస్తాయి, మీ షెల్‌లో కమాండ్లు కొడతాయి. ఒక పనికి పది, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. అది పనిచేస్తుంటే మనం ఖాళీగా స్క్రీన్ చూస్తూ కూర్చోం కదా, ఇంకో ట్యాబ్ తెరిచి రెండోదాన్ని మొదలుపెడతాం. తంటా అక్కడే మొదలు.

ఒకే ఫోల్డర్లో రెండు ఏజెంట్లు పనిచేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకటి పీడీఎఫ్ రిపోర్ట్ రాస్తూ ఒక ఫైల్ మారుస్తుంది. రెండోది వడ్డీ లెక్క సరిచేస్తూ టెస్టులు రన్ చేస్తే, మొదటిది సగం రాసిన కోడ్ వల్ల ఫెయిలవుతాయి. ఇది తన తప్పే అనుకుని ఆ సగం కోడ్‌ని "సరిచేస్తుంది". ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్లు ఒకే గిన్నెలో ఉప్పు వేస్తున్నట్టు. మొదటి వారం నా పరిస్థితి ఇదే.

దీనికి మందు గిట్‌లోనే ఉంది. గిట్ వర్క్‌ట్రీ 2015లో, గిట్ 2.5తో వచ్చింది. బీటెక్‌లో నాకెవరూ చెప్పలేదు, ఉద్యోగంలో మూడేళ్లూ అవసరం పడలేదు. ఒకే రిపాజిటరీకి రెండు, మూడు ఫోల్డర్లు పెట్టుకుని, ఒక్కో ఫోల్డర్లో ఒక్కో బ్రాంచ్ తెరుచుకోవచ్చు. మళ్లీ క్లోన్ చేయక్కర్లేదు, హిస్టరీ అంతా ఒక్క చోటే ఉంటుంది. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి:

గిట్ వర్క్‌ట్రీ యాడ్ -బి పీడీఎఫ్ ../ఖాతా-పీడీఎఫ్

అంటే "పీడీఎఫ్" అనే కొత్త బ్రాంచ్ చేసి, పక్కనే ఖాతా-పీడీఎఫ్ అనే ఫోల్డర్లో తెరువు అని. అక్కడికి వెళ్లి ఏజెంట్‌ని స్టార్ట్ చేయడమే. ఏవేం తెరిచి ఉన్నాయో "గిట్ వర్క్‌ట్రీ లిస్ట్" చూపిస్తుంది. ఒకే బ్రాంచ్‌ని రెండు ఫోల్డర్లలో తెరవబోతే గిట్ ఒప్పుకోదు, అది మన మంచికే.

ఇక్కడిదాకా చాలా వీడియోల్లో చెప్తారు. చెప్పనివి మూడు ఉన్నాయి.

మొదటిది, గిట్‌లో లేని ఫైళ్లు కొత్త ఫోల్డర్‌కి రావు. నోడ్ మాడ్యూల్స్ రాదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. డాట్ ఎన్వ్ ఫైల్ రాదు. అందుకని అందరూ చేసే పని నేనూ చేశా, మెయిన్ ఫోల్డర్లోని డాట్ ఎన్వ్‌ని రెండింట్లోకీ కాపీ కొట్టా. అంతకుముందు వారం ఒక బిల్లు తప్పొస్తే చూడ్డానికి ఆ ఫైల్లో అసలు డేటాబేస్ అడ్రస్ పెట్టి, తీయడం మర్చిపోయా.

ఇక రాత్రి జరిగింది ఇదీ. వడ్డీ ఏజెంట్ ఒక కొత్త కాలమ్ కోసం మైగ్రేషన్ రాసి రన్ చేసింది. కాసేపటికి పీడీఎఫ్ ఏజెంట్ కూడా మైగ్రేషన్ రన్ చేయబోయింది. డేటాబేస్‌లో ఉన్న టేబుళ్లకీ, దాని ఫోల్డర్లో ఉన్న మైగ్రేషన్ ఫైళ్లకీ పొంతన లేదని, రీసెట్ చేయాలని టూల్ చెప్పింది. డెవలప్‌మెంట్ డేటాబేస్ అయితే అది మామూలు విషయమే, నేనైనా అదే చేసేవాణ్ని. పైగా సాయంత్రం నేను "ఈ రకం కమాండ్‌కి మళ్లీ అడగొద్దు" అని నొక్కేసి ఉన్నా. అది అడగలేదు.

ఫోల్డర్లు వేరైతే ఏజెంట్లు వేరయ్యాయని అనుకున్నా. కోడ్ మాత్రమే వేరైంది. డేటాబేస్, పోర్టు అన్నీ ఉమ్మడే. పోర్టు గొడవైతే వెంటనే తెలుస్తుంది, 3000 వాడుకలో ఉందని ఎర్రగా ఎర్రర్ వస్తుంది. డేటాబేస్ గొడవకి ఏ ఎర్రరూ రాదు.

ఇప్పుడు ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో డేటాబేస్. నేను వాడేది పోస్ట్‌గ్రెస్, అందులో "క్రియేట్‌డీబీ -టీ ఖాతా_నమూనా ఖాతా_పీడీఎఫ్" అంటే నమూనా డేటాబేస్ కాపీ సెకన్లలో తయారు. (ఆ నమూనాకి ఇంకేదైనా కనెక్షన్ ఉంటే కాపీ అవ్వదు, ముందు దాన్ని మూసేయండి.) డాట్ ఎన్వ్‌ని కాపీ చేయడం మానేశా. వర్క్‌ట్రీ చేసి, పోర్టు నంబర్, డేటాబేస్ పేరు కొత్తగా రాసి, ఏజెంట్‌ని తెరిచే చిన్న షెల్ స్క్రిప్ట్ పెట్టుకున్నా. అసలు డేటాబేస్ పాస్‌వర్డ్ ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లోనే లేదు. బిల్లు చూడాలంటే చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజర్ ఉంది.

రెండోది, స్టాష్. గిట్ స్టాష్ అన్ని వర్క్‌ట్రీలకీ కలిపి ఒక్కటే! ఒక ఏజెంట్ తన మార్పుల్ని స్టాష్‌లో దాచి మెయిన్ చూసొద్దామని వెళ్తుంది. ఈలోపు రెండోది స్టాష్ పాప్ కొడితే మొదటిదాని మార్పులు వచ్చి దీని ఒళ్లో పడతాయి. ఏజెంట్లకి స్టాష్ అంటే మహా ఇష్టం, ఎందుకో మరి. అందుకే రూల్స్ ఫైల్లో "స్టాష్ వాడొద్దు, అవసరమైతే కమిట్ చెయ్" అని ఒక లైన్ రాసుకోండి. క్లాడ్ కోడ్‌కి క్లాడ్ డాట్ ఎండీ, కోడెక్స్‌కి ఏజెంట్స్ డాట్ ఎండీ ఆ రూల్స్ ఫైళ్లు.

మూడోది చిన్నదే. టేబుళ్లు మార్చే పని ఒకేసారి రెండు ఏజెంట్లకి ఇవ్వకండి. వేరే డేటాబేస్‌లున్నా మెర్జ్ చేసేటప్పుడు తలనొప్పి తప్పదు.

ఇక టీమక్స్. 2007 నుంచి ఉన్న టూల్, సర్వర్ల మీద పనిచేసేవాళ్లందరికీ తెలుసు. టెర్మినల్ విండో మూసేసినా లోపల ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. "టీమక్స్ న్యూ -ఎస్ ఖాతా" అంటే ఖాతా అనే సెషన్ మొదలవుతుంది. కంట్రోల్-బి నొక్కి వదిలి, సి నొక్కితే కొత్త విండో, డి నొక్కితే బయటికి. "టీమక్స్ అటాచ్ -టీ ఖాతా" అంటే మళ్లీ లోపలికి. ఒక్కో ఏజెంట్‌కి ఒక్కో విండో ఇచ్చి, దానికి పని పేరు పెడతా. "ఏజెంట్1, ఏజెంట్2" అని పెడితే అరగంటకి ఏది ఏం చేస్తోందో మనకే గుర్తుండదు.

నాకు బాగా ఉపయోగపడింది ఒక సెట్టింగ్: మానిటర్-సైలెన్స్. ఏజెంట్ పనిచేస్తున్నంతసేపూ స్క్రీన్ మీద ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. అది ఆగిందంటే రెండే అర్థాలు: పని అయిపోయింది, లేదా అనుమతి కోసం మన కోసం చూస్తోంది. "సెట్‌డబ్ల్యూ మానిటర్-సైలెన్స్ 20" పెడితే, 20 సెకన్లు కదలిక లేని విండో పేరు పక్కన కింద బార్‌లో అల గుర్తు వస్తుంది. ప్రతి ట్యాబ్‌లోకీ తొంగిచూసే పని తప్పింది. విండోలోకి వెళ్లకుండా చివరి పదిహేను లైన్లు చూడాలంటే "టీమక్స్ క్యాప్చర్-పేన్ -పీ -టీ ఖాతా:పీడీఎఫ్" కొట్టి టెయిల్‌కి పైప్ చేయండి.

ఈ సైట్ చదివేవాళ్లకి నచ్చే భాగం ఇప్పుడొస్తోంది. ఇదంతా ఫోన్‌లో కూడా చూడొచ్చు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ యాప్‌ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకుని, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ టెయిల్‌స్కేల్ పెడితే, ల్యాప్‌టాప్‌కి 100తో మొదలయ్యే ఒక అడ్రస్ వస్తుంది. రౌటర్ సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఆన్ చేసి, ఫోన్ నుంచి ఆ అడ్రస్‌కి లాగిన్ అయి, టీమక్స్ అటాచ్ కొట్టడమే. కంట్రోల్ కీ ఎక్కడుందని వెతక్కండి, టెర్మక్స్‌లో వాల్యూమ్ డౌన్ బటనే కంట్రోల్. అమీర్‌పేట్ నుంచి రాయదుర్గం మెట్రోలో నిలబడి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఏజెంట్‌కి "ఊ" కొడుతుంటా. మధ్యలో సిగ్నల్ పోయినా ల్యాప్‌టాప్‌లో పని ఆగదు. ల్యాప్‌టాప్ నిద్రపోతే మాత్రం ఆగుతుంది, మ్యాక్‌లో కెఫినేట్ కమాండ్, ఉబుంటులో అయితే పవర్ సెట్టింగ్స్ చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఫోన్ స్క్రీన్ మీద పొడుగు కమాండ్ సగమే కనిపిస్తుంది. డిలీట్, రీసెట్, ఫోర్స్ లాంటి మాట ఏది కనిపించినా ఫోన్‌లో అనుమతి ఇవ్వను, ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లేదాకా అది ఆగాల్సిందే. అనుమతులన్నీ దాటేసే ఫ్లాగ్ క్లాడ్ కోడ్‌లోనూ ఉంది, కోడెక్స్‌లోనూ ఉంది. రెండు కంపెనీలూ ఆ ఫ్లాగ్ పేరులోనే "డేంజరస్‌లీ" అని పెట్టాయి. కంటెయినర్ లోపల తప్ప నేను వాడను.

ఎన్ని ఏజెంట్లు నడపొచ్చు? టీమక్స్‌కి ముప్ఫై అయినా లెక్కలేదు. నాకు మూడు. అవి రాసిన కోడ్ చదవాల్సింది నేనే, గంటలో నేను శ్రద్ధగా చదవగలిగే డిఫ్‌లు రెండో మూడో. నాలుగోది పెట్టిన రోజు చదవకుండానే మెర్జ్ చేయడం మొదలుపెట్టా, అది నాకే తెలిసిపోయింది. ఇంకోటి, మూడు కలిసి నడిస్తే మీ ప్లాన్ లిమిట్ కూడా అంత వేగంగానే కరిగిపోతుంది.

మెర్జ్ చేసేటప్పుడు ఒక్కో బ్రాంచే. ఒకటి మెయిన్‌లో కలిశాక, మిగతా ఏజెంట్లకి "మెయిన్ తెచ్చుకుని టెస్టులు మళ్లీ రన్ చెయ్" అని చెప్పి, అవి పాసయ్యాకే రెండోది. పని అయిపోయిన ఫోల్డర్‌ని మామూలుగా డిలీట్ చేయకండి, "గిట్ వర్క్‌ట్రీ రిమూవ్" వాడండి. కమిట్ చేయని మార్పులుంటే అది ఒప్పుకోదు, అప్పుడు ఫోర్స్ కొట్టే ముందు ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. ఇప్పటికే డిలీట్ చేసేసి ఉంటే "గిట్ వర్క్‌ట్రీ ప్రూన్" ఆ పాత పేర్లని తీసేస్తుంది. డేటాబేస్ కాపీని మాత్రం మీరే డ్రాప్ చేయాలి. పోయిన నెల చూస్తే నా ల్యాప్‌టాప్‌లో బాబాయ్ షాపు కాపీలు పదకొండు ఉన్నాయి.