గీతము ఒక్కటి – హృదయములు అనేకము

నాదము ఒక్కటియే అయినను దానిని స్వీకరించు మనస్సులు అనేకములు. రికార్డుపై నిలిచిన సంగీతమున ఈ సత్యము మరింత స్పష్టముగా గోచరించును.

ఎదుట కూర్చుండి పాడు గాయకుడు శ్రోతల ముఖములను గమనించును. అవసరమైనచో రాగమును పెంచును, లేదా పాటను ముగించును. రికార్డునకు ఆ చూపు లేదు. పెండ్లియింటను, చావింటను అది ఒకే తీరున పలుకును. మార్పంతయు వినువారి హృదయమునందే కలుగును.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీత ఇందుకు తార్కాణము. 1974 ఫిబ్రవరి 11న పరమపదించిన ఆ మహాగాయకుడు ఎన్నిక చేసిన శ్లోకములకు తెలుగు తాత్పర్యమును జోడించి గానము చేసెను. ఆ రికార్డు తెలుగునాట ఊరూరను వ్యాపించినది. ప్రాతఃకాలమున దానిని విని చిత్తశాంతి పొందువారు ఎందరో కలరు. కాలక్రమమున అంత్యయాత్రలలోను దానినే వినిపించుట వాడుకయ్యెను. అందువలన ఆ కంఠము చెవిని పడినంతనే ఎవరు పోయిరో అని ఉలికిపడువారును ఎందరో కలరు. శ్లోకము మారలేదు, స్వరము మారలేదు. దానితో ముడిపడిన జ్ఞాపకము మాత్రమే వేరు.

గోదావరి సీమలోని ఆత్రేయపురము వంటి గ్రామమును తలచుడు. ఒక ఇంట మ్రోగిన పాట నాలుగిండ్లకు వినబడును. బోర్లించిన వేడికుండపై పూతరేకులు తీయు ఇల్లాలికి అది శ్రమను మరపించును. పరీక్షకు చదువుకొను బాలునకు ఆటంకమగును. ఇటీవలనే భర్తను కోల్పోయిన వృద్ధురాలికి మానని గాయమును కదిలించును. వీరిలో ఎవరి వినికిడియు దోషము కాదు.

మరి కర్తవ్యమేమి? దయ లేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా అంగీకరింపలేదు. రికార్డునకు లేని చూపును దానిని మ్రోగించువాడే వహింపవలెను. ఇంటగాని, మఠమునగాని మైకు పెట్టుటకు ముందు పొరుగున రోగి కలడా, దుఃఖితుడు కలడా అని విచారించుట భక్తికి లోపము కాదు. భక్తిలో అదియు ఒక భాగమే.

భయపడువారికిని ఉపాయము కలదు. శుభదినములందు, మెల్లని స్వరమున, కుటుంబమంతయు కూడి అర్థము చెప్పుకొనుచు ఆ గానమునే వినవలెను. క్రొత్త జ్ఞాపకము పాతదాని ప్రక్కన చోటు చేసికొనును. బాల్యము నుండియు గీతను ఉదయవేళ ఇంట వినిన బిడ్డకు అది మృత్యుఘోష కాదు, జీవనబోధ యగును. అయితే ఇందు బలవంతము పనికిరాదు. వినలేనని పలికినవారి మాట విని, రికార్డును ఆపివేయుటయు సంగీతమును గౌరవించుటయే.