పాఠం 9 : బిగింపు సామగ్రి దెబ్బతిని వచ్చిన సోలార్ ఇన్వర్టర్

9.1 పరిచయం

సూర్యరశ్మి పడినప్పుడు సౌర పలకల్లో విద్యుత్తు ఎలా పుడుతుందో గత పాఠంలో తెలుసుకున్నాం. పలకల నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు. మన ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, మిక్సీ నడవడానికి కావలసింది ఏకాంతర విద్యుత్తు. మొదటిదాన్ని రెండోదిగా మార్చే పరికరమే ఇన్వర్టర్.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘ప్రధానమంత్రి సూర్యఘర్ : ముఫ్త్ బిజ్లీ యోజన’ ప్రారంభించింది. కోటి ఇళ్ళ పైకప్పుల మీద సౌర పలకలు అమర్చడం దీని లక్ష్యం. 3 కిలోవాట్లు, అంతకు మించిన వ్యవస్థకు 78,000 రూపాయల సహాయం ప్రకటించారు. దీనితో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్ వంటి చోట్ల మామూలు కుటుంబాలు కూడా ఇన్వర్టర్లు కొంటున్నాయి. తెలుగువారు కూడా వీరిలో ఉన్నారు. కొందరు కొనేవారు, మరికొందరు వాటిని బిగించే పనిలో ఉన్నవారు.

వస్తువు ఇంటికి చేరిన రోజే చిక్కు రావచ్చు. పెట్టె విప్పితే ఇన్వర్టర్ కొత్తగా మెరుస్తూ ఉంటుంది. గోడకు బిగించే పట్టీ మాత్రం వంగి ఉంటుంది. ‘ఇంతేగదా, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే సరి’ అనే మాట అప్పుడే వినిపిస్తుంది. ఆ మాట వినాలా, వద్దా? ఈ పాఠంలో ఆ విషయం చర్చిద్దాం.

9.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• ఇన్వర్టర్ బిగింపు సామగ్రిలోని భాగాలను గుర్తించగలుగుతారు;
• దెబ్బతిన్న సామగ్రి వల్ల కలిగే ప్రమాదాలను వివరించగలుగుతారు;
• సరుకు అందుకునేటప్పుడు పాటించవలసిన క్రమాన్ని పాటించగలుగుతారు;
• అమ్మకందారుకు ఫిర్యాదు లేఖ రాయగలుగుతారు.

9.3 బిగింపు సామగ్రి అంటే ఏమిటి?

ఇన్వర్టర్‌తో పాటు పెట్టెలో సాధారణంగా ఈ కింది వస్తువులు ఉంటాయి :

(అ) గోడ పట్టీ – దీన్నే బ్రాకెట్ అంటారు. ముందుగా దీన్ని గోడకు బిగిస్తారు.
(ఆ) యాంకర్ బోల్టులు లేదా ప్లగ్గులు, స్క్రూలు, వాషర్లు – పట్టీని గోడకు పట్టి ఉంచేవి.
(ఇ) కొక్కేలు – ఇన్వర్టర్ వీపున ఉంటాయి. పట్టీ మీద ఆనుకొనే భాగాలు ఇవే.
(ఈ) భద్రతా స్క్రూ – ఇన్వర్టర్ పట్టీ నుంచి పైకి లేచి జారిపోకుండా ఆపుతుంది.
(ఉ) ఎర్తింగ్ స్క్రూ – ఎర్త్ తీగను ఇన్వర్టర్ లోహపు ఒంటికి కలుపుతుంది.

వీటిలో కొక్కేలు ఇన్వర్టర్‌లో భాగం. మిగిలినవి విడి వస్తువులు. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి. ఏది మార్చమని అడగాలో దీన్నిబట్టే నిర్ణయించాలి.

9.4 చిన్న పట్టీ, పెద్ద ప్రమాదం

బరువు : ఇళ్ళలో వాడే 3 నుంచి 5 కిలోవాట్ల ఇన్వర్టర్ సాధారణంగా 10 నుంచి 20 కిలోల వరకు తూగుతుంది. దాన్ని మనిషి ఎత్తున గోడకు తగిలిస్తారు. 16 కిలోల ఇన్వర్టర్‌ను 4 బోల్టులు సమానంగా మోస్తే ఒక్కొక్కదాని మీద 4 కిలోల బరువు పడుతుంది. పట్టీ వంగి రెండు బోల్టులే గట్టిగా పట్టుకుంటే ఒక్కొక్కదాని మీద 8 కిలోలు పడుతుంది. అంతేకాదు, వంగిన పట్టీ ముందుకు వాలి, బోల్టును గోడలోంచి బయటికి లాగుతూ ఉంటుంది. బోల్టు ఇటుకలోకి కాక సున్నపు పూతలోకే దిగి ఉంటే ఆ లాగుడుకు ఎక్కువ కాలం ఆగదు. మెట్ల కింద బిగించిన ఇన్వర్టర్ పక్కనే పిల్లలు ఆడుకుంటారని మరచిపోకండి.

వేడి : ఇన్వర్టర్ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనుకవైపు లోహపు రెక్కలు ఉంటాయి. గోడకూ రెక్కలకూ మధ్య గాలి ఆడితేనే వేడి బయటికి పోతుంది. పట్టీ వంగితే ఆ సందు తగ్గుతుంది. ఢిల్లీలో మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. బాగా వేడెక్కిన ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ఎండ బాగా ఉన్న రోజే కరెంటు తక్కువగా వస్తుందన్నమాట.

నీరు, దుమ్ము : ఆరుబయట పెట్టే ఇన్వర్టర్ల మీద ‘ఐపీ 65’ అనే గుర్తు తరచుగా కనిపిస్తుంది. 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 5 అంటే అన్ని వైపుల నుంచి పడే నీటిధారను తట్టుకుంటుందని అర్థం. కొక్కెం ఉన్నచోట ఒళ్ళు సొట్టపడితే మూత అంచున ఉన్న రబ్బరు సరిగా కూర్చోదు. అప్పుడు ఆ గుర్తుకు విలువ ఉండదు. వేసవిలో వచ్చే ఆంధీ, దాని వెంట వచ్చే వాన దానికి పరీక్ష పెడతాయి.

తీగలు : వాలిన ఇన్వర్టర్ తన తీగలను లాగుతూ ఉంటుంది. కనెక్టర్ వదులైతే నిప్పురవ్వలు పుడతాయి. వరుసగా కలిపిన పలకల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తు వందల వోల్టులు ఉండవచ్చు. ఏకాంతర విద్యుత్తు క్షణక్షణమూ సున్నాకు వస్తుంది కనుక అందులో పుట్టిన మెరుపు తెగిపోయే అవకాశం ఉంది. ఏకముఖ విద్యుత్తు అలా సున్నాకు రాదు; మెరుపు తెగకుండా సాగి మంటలకు దారితీయవచ్చు.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1
1. ఇన్వర్టర్‌లో భాగమై, విడిగా మార్చడానికి వీలులేనిది ఏది?
2. ‘ఐపీ 65’లో 6 దేన్ని తెలుపుతుంది?
3. వంగిన పట్టీ వల్ల వేసవిలో ఉత్పత్తి ఎందుకు తగ్గుతుంది?

9.5 సరుకు అందుకునేటప్పుడు

ఒక ఉదాహరణ చూద్దాం. ఉత్తమ్‌నగర్‌లో ఉండే ఒక దర్జీ తన ఇంటికి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ తెప్పించుకున్నాడనుకుందాం. పెట్టె ఒక మూల నలిగి ఉంది. తెచ్చినవాడు ‘త్వరగా సంతకం పెట్టండి, ఇంకా పది ఇళ్ళు తిరగాలి’ అంటున్నాడు. దర్జీ ఏం చేయాలి?

మొదటి మెట్టు : పెట్టె విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. నలిగిన మూల, పెట్టె మీద అంటించిన చీటీ స్పష్టంగా కనిపించాలి.

రెండో మెట్టు : రసీదు మీద సంతకం పెట్టేముందు ‘పెట్టె మూల నలిగి ఉంది. లోపల చూడలేదు’ అని రాయాలి. లారీ ఆఫీసు కాగితాన్ని ఢిల్లీలో ‘బిల్టీ’ అంటారు. అది ఉంటే దాని మీద కూడా ఈ మాట రాయాలి. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ రాస్తే మంచిది. రాయడం రాకపోతే ఇరుగుపొరుగువారి సాయం తీసుకోవడంలో తప్పులేదు. మన దగ్గర ఉండే ప్రతి మీదా అదే మాట ఉండాలి.

మూడో మెట్టు : పెట్టె విప్పుతున్నంతసేపూ వీడియో తీయాలి. సామాను జాబితా ముందు పెట్టుకొని స్క్రూలతో సహా లెక్కపెట్టాలి.

నాలుగో మెట్టు : ఇన్వర్టర్ మీది క్రమసంఖ్యను, బిల్లు మీది సంఖ్యతో పోల్చాలి.

ఐదో మెట్టు : పెట్టె, థర్మోకోల్ పారవేయకూడదు. తిరిగి పంపవలసి వస్తే అవే కావాలి.

పెట్టె పైకి బాగానే ఉండి, లోపల దెబ్బ బయటపడితే? సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, పరీక్షించి చూసుకోవడానికి తగిన అవకాశం దొరికేవరకు కొనుగోలుదారు సరుకును అంగీకరించినట్లు కాదు. అయితే చూసిన తరువాత చెప్పకుండా చాలా రోజులు ఊరుకున్నా, దాన్ని గోడకు బిగించి వాడుకున్నా అంగీకరించినట్లు భావించే వీలుంది. కాబట్టి ఆ రోజే చూడండి, ఆ రోజే తెలియజేయండి.

9.6 ఏది మార్చమని అడగాలి?

మొదటి రకం : పట్టీ వంగింది, లేదా స్క్రూలు తగ్గాయి. ఇన్వర్టర్‌కు దెబ్బలేదు. అప్పుడు అదే నమూనాకు చెందిన కొత్త పట్టీ, స్క్రూల పొట్లం పంపమని అడగాలి. ఇన్వర్టర్‌ను తిరిగి పంపనవసరం లేదు.

రెండో రకం : వీపున ఉన్న కొక్కెం విరిగింది, ఒళ్ళు సొట్టపడింది, లేదా మూత అంచు విచ్చుకుంది. అప్పుడు ఇన్వర్టర్ మొత్తం మార్చమని అడగాలి. పట్టీ ఒక్కటి మారిస్తే సరిపోదు.

మూడో రకం : పైకి ఏమీ కనిపించదు, కానీ నెమ్మదిగా కదిపితే లోపల ఏదో గలగలమంటుంది, లేదా తెర పగిలి ఉంది. దీన్ని కరెంటుకు కలపనే కూడదు. మొత్తం మార్చమనే అడగాలి.

చేయకూడని పనులు :
• వంగిన పట్టీని సుత్తితో కొట్టి సరిచేయవద్దు. ఒకసారి వంగిన లోహాన్ని తిరిగి వంచితే ఆ మడతలో సన్నని పగుళ్ళు వస్తాయి. ఇనుము మీది జింకు పూత రాలి తుప్పు పడుతుంది.
• వెల్డింగు చేయించవద్దు. పట్టీకి కొత్త రంధ్రాలు వేయవద్దు.
• ఇన్వర్టర్ మూత విప్పవద్దు. ముద్ర చెదిరితే వారంటీ పోవచ్చు. ఒకసారి కరెంటుకు కలిపిన ఇన్వర్టర్ అయితే, ఆపివేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో కొన్ని నిమిషాలపాటు విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మీరు బిగించే పనిలో సహాయకులైతే ఒక మాట. ‘ఈ పూటకు తగిలించేయ్, తరువాత చూద్దాం’ అని మేస్త్రీ గానీ ఇంటివారు గానీ ఒత్తిడి చేయవచ్చు. ఆ రోజు కూలి పోతుందనే భయం మీకు ఉండడం సహజమే. కానీ తగిలించిన ఇన్వర్టర్ పడితే మొదట నిచ్చెన మీద ఉన్నవారి మీదే పడుతుంది. పట్టీ వంగిందని ఫొటో తీసి చూపండి. మిగిలిన పని, అంటే పైపులు, ఎర్తింగు, పలకల చట్రాలు ఆ రోజు పూర్తిచేయవచ్చు. కొత్త పట్టీ వచ్చాక ఇన్వర్టర్ బిగించవచ్చు.

మీకు తెలుసా? గురుగ్రామ్ సమీపంలోని గ్వాల్ పహాడీలో 1982లో సౌరశక్తి కేంద్రం ఏర్పడింది. అదే 2013లో జాతీయ సౌరశక్తి సంస్థ అయింది. 2015లో మొదలైన ‘సూర్యమిత్ర’ కార్యక్రమం ద్వారా సౌర వ్యవస్థలు అమర్చే పనిలో యువతకు శిక్షణ ఇచ్చారు.

9.7 ఎవరిని అడగాలి?

ఇంటికి చేర్చే ఒప్పందంతో కొంటే జవాబుదారీ అమ్మకందారుదే. ‘లారీవాడిని అడగండి’ అని అతను తప్పుకోవడం సరికాదు. సూర్యఘర్ పథకంలో ఒక సంస్థ ద్వారా అమర్పించుకుంటే సామాను తెచ్చి బిగించే బాధ్యత ఆ సంస్థది. కొత్త సామగ్రి రాకముందే ‘పని పూర్తయింది’ అనే కాగితం మీద సంతకం పెట్టకండి.

కొందరు చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్ బజారులో తామే సామాను కొని, లారీలో సొంత ఊరికి పంపుకుంటారు. దారిలో దెబ్బతింటే రోడ్డు రవాణా చట్టం, 2007 వర్తిస్తుంది. రవాణా సంస్థ మీద దావా వేయాలంటే, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి.

అమ్మకందారు పలకకపోతే మూడు మార్గాలు ఉన్నాయి :

(1) ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలోగా పరిష్కరించాలి.

(2) జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

(3) జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా వేయాలి. మన దర్జీలా స్వయం ఉపాధితో జీవించేవారు తమ పని కోసం కొన్నా వినియోగదారులే అవుతారు.

9.8 ఫిర్యాదు లేఖ – నమూనా

స్థలం : ............ తేది : ............

............ సంస్థ మేనేజరు గారికి,

అయ్యా,

విషయం : దెబ్బతిన్న బిగింపు సామగ్రిని మార్చవలసిందిగా వినతి.

బిల్లు నం. ........, తేది ........ ప్రకారం నేను మీ వద్ద ........ నమూనా ఇన్వర్టర్ కొన్నాను. దాని క్రమసంఖ్య ......... అది ........ తేదీన మా ఇంటికి చేరింది. పెట్టె విప్పి చూడగా గోడ పట్టీ ఎడమవైపు వంగి ఉంది. రెండు యాంకర్ బోల్టులు లేవు. ఫొటోలు జతపరిచాను. ఇన్వర్టర్‌ను బిగించలేదు, కరెంటుకు కలపలేదు. ఇదే నమూనాకు చెందిన కొత్త పట్టీ, బోల్టులు 7 రోజుల్లో ఉచితంగా పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం)

గమనించండి : ఈ లేఖలో కోపపు మాట ఒక్కటీ లేదు. ఏం కొన్నారు, ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి – ఈ నాలుగూ ఉన్నాయి. ‘బిగించలేదు’ అనే వాక్యం మీ హక్కును కాపాడుతుంది. లేఖ నకలు తప్పక దాచుకోండి.

9.9 మీరు నేర్చుకున్నవి

• గోడ పట్టీ విడి వస్తువు. కొక్కెం ఇన్వర్టర్‌లో భాగం.
• దెబ్బతిన్న సామగ్రి వల్ల పడిపోవడం, వేడెక్కడం, నీరు చేరడం, మంటలు – ఈ నాలుగు ప్రమాదాలు ఉన్నాయి.
• ఫొటో, రసీదు మీద రాత, వీడియో, లెక్క – ఇవన్నీ బిగించడానికి ముందే పూర్తికావాలి.
• దెబ్బతిన్న సామగ్రిని సరిచేయకూడదు; మార్పించుకోవాలి.

9.10 పాఠాంత అభ్యాసాలు

1. రెండో రకం దెబ్బకు పట్టీ ఒక్కటే మారిస్తే ఎందుకు సరిపోదు? వివరించండి.
2. 20 కిలోల ఇన్వర్టర్‌ను 4 బోల్టులకు బదులు 2 బోల్టులే మోస్తే ఒక్కొక్కదాని మీద ఎంత బరువు పడుతుంది?
3. మీ ఇంట్లో గోడకు తగిలించిన బరువైన వస్తువు ఒకటి చూడండి. దాని బోల్టులు ఎన్ని? ఏదైనా వదులైందా? మీ పుస్తకంలో రాయండి.
4. కొక్కెం విరిగిన ఇన్వర్టర్ గురించి పై నమూనాలో ఒక లేఖ రాయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు సమాధానాలు 9.1
1. ఇన్వర్టర్ వీపున ఉన్న కొక్కెం.
2. దుమ్ము లోపలికి పోదని తెలుపుతుంది.
3. గోడకూ రెక్కలకూ మధ్య సందు తగ్గి, వేడి బయటికి పోదు. వేడెక్కిన ఇన్వర్టర్ ఉత్పత్తిని తగ్గించుకుంటుంది.