వాట్సాప్ కాల్ కలవని దేశంలో ఆఫీసు పని

ఉద్యోగం పేరుతో చైనా ఫ్యాక్టరీలకూ, దుబాయ్ క్లయింట్ల దగ్గరికీ చాలాకాలం తిరిగినవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో పిల్లలు, పాత ఆఫీసు కుర్రాళ్లు ప్రయాణానికి ముందు ఫోన్ చేస్తుంటారు. "బాబాయ్, లాప్‌టాప్ ఉంది కదా, అక్కణ్ణుంచే పని చేసేస్తా" అంటారు. చేయొచ్చు. కాకపోతే అక్కడ నడిచే పనిలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

1. ఏది ఆగిందో దేశాన్ని బట్టి తెలుసుకోండి.
"అక్కడ నెట్ ఉండదట" అనే మాట ఎందుకూ పనికిరాదు. చైనాలో ఫేస్‌బుక్ 2009 నుంచి, జీమెయిల్ 2014 చివరి నుంచి, వాట్సాప్ 2017 నుంచి మూతబడ్డాయి. అదే చైనాలో మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్, టీమ్స్ మామూలుగా నడుస్తాయి. దుబాయ్‌లో జీమెయిల్ తెరుచుకుంటుంది, వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు. మీటింగులకు టీమ్స్, జూమ్ ఉన్నాయి. ఇక హాంకాంగ్, మకావ్ చైనావే అయినా ఆ అడ్డు అక్కడ లేదు. షెన్‌జెన్‌లో తెరుచుకోని పేజీ సరిహద్దు దాటి హాంకాంగ్‌లో అడుగుపెట్టగానే తెరుచుకుంటుంది.

2. లాగిన్ దగ్గర ఏముందో చూడండి.
కంపెనీ సైటు మీద ఏ నిషేధమూ ఉండదు. అయినా చైనాలో లోపలికి పోలేం. కారణం, "గూగుల్‌తో సైన్ ఇన్" అన్న బటన్. లేదా మీరు మనిషేనా అని బొమ్మలు చూపించి అడిగే గూగుల్ పరీక్ష. సైటు బాగానే ఉన్నా గూగుల్ నుంచి రావాల్సిన ముక్క రాక పేజీ అక్కడే గిరగిరా తిరుగుతుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కు వచ్చే "అవునా, కాదా" నోటిఫికేషన్లు కూడా గూగుల్ మీదుగానే రావాలి, కాబట్టి వాటినీ నమ్ముకోలేం. ఆథెంటికేటర్ యాప్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడ్‌కు నెట్ అక్కర్లేదు. బయల్దేరేముందే దానికి మారిపోండి.

3. యాప్‌లు ఇక్కడే దింపుకోండి, ఇంట్లోవాళ్లకూ దారి చెప్పండి.
చైనాలో గూగుల్ ప్లే తెరుచుకోదు. అక్కడివాళ్లంతా వాడే వీచాట్‌ను 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. అంటే అక్కడ వాట్సాప్ లేదు, ఇక్కడ వీచాట్ లేదు. ఏ దారిన మాట్లాడతారో ముందే చెప్పకపోతే విజయవాడలో అమ్మ రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది.

4. హోటల్ వైఫై మీద మీటింగ్ పెట్టుకోకండి.
షెన్‌జెన్ హోటల్ గదిలో సిగ్నల్ గీతలన్నీ నిండుగానే కనిపిస్తాయి. లాగిన్ పేజీ ఫోన్ నంబరు అడుగుతుంది, ఓటీపీ వస్తుందంటుంది. చాలాచోట్ల ఆ ఓటీపీ చైనా నంబరుకే వస్తుంది. కింద రిసెప్షన్‌లో అమ్మాయిని బతిమాలుకోవాలి. ఎలాగో కలిసినా అక్కడి కట్టడి అక్కడిదే. మన సిమ్ రోమింగ్‌లో పెడితే డేటా సాధారణంగా మన ఆపరేటర్ మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి గూగుల్ కూడా తెరుచుకుంటుంది. ఖర్చు ఎక్కువే. మీటింగులకు, అర్జెంటు మెయిళ్లకు దాచుకోండి. బ్యాంకు ఓటీపీల కోసమైనా మన సిమ్ ఆపేయొద్దు.

5. అడ్డు దాటించే వీపీఎన్ గురించి ఫ్రెండ్‌ను కాదు, ఆఫీసును అడగండి.
చైనాలో ప్రభుత్వ అనుమతి ఉన్న మార్గాలే చట్టబద్ధం. 2017లో ఆపిల్ కూడా అక్కడి తన యాప్ స్టోర్ నుంచి వీపీఎన్ యాప్‌లు తీసేసింది. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌లో కంపెనీలు తమ పనికి వీపీఎన్ వాడుకోవచ్చు. నేరం చేయడానికో, దాన్ని కప్పిపుచ్చడానికో వాడితే 2021 నాటి సైబర్ చట్టం కింద జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఉచితంగా దొరికిన యాప్‌లో కంపెనీ పాస్‌వర్డ్ కొట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఏది వాడాలో ఐటీ విభాగం చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. టూరిస్టు వీసా మీద పని చేయొచ్చా, క్లయింట్ డేటా దేశం దాటించొచ్చా అన్నది కూడా అదే మెయిల్లో అడిగేయండి.

6. పనిని రెండు కుప్పలు చేయండి.
నెట్ లేకుండా అయ్యేది ఒకటి, నెట్ ఉంటేనే అయ్యేది ఒకటి. కోడ్ రాసేవాళ్లు రిపాజిటరీ మొత్తం, కావాల్సిన లైబ్రరీలతో సహా లాప్‌టాప్‌లో పెట్టుకుంటే రోజంతా కమిట్లు చేసుకుంటూ పోయి, లైను దొరికినప్పుడు ఒక్కసారి పుష్ చేయొచ్చు. డాక్యుమెంట్లు రాసేవాళ్లకు ఇంకా సులువు. చైనాలో దేశం దాటే లైన్లు రాత్రిపూట రద్దీతో నత్తనడక నడుస్తాయి. పెద్ద ఫైళ్లు తెల్లారగట్ల పంపండి.

7. ఇది పరాయి దేశాల గొడవే అనుకోకండి.
2022 మే 24న అమలాపురంలో అల్లర్లయ్యాక కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్ సంచులు తగిలించుకుని సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ తిరిగారు. కశ్మీర్‌లో చాలా జిల్లాలకు 2019 ఆగస్టులో పోయిన 4జీ 2021 ఫిబ్రవరికి గాని తిరిగి రాలేదు. పైన చెప్పిన జాగ్రత్తల్లో చాలామటుకు సొంతూళ్లో కూర్చున్నా పనికొస్తాయి.

8. బయల్దేరే ముందురోజు ఒక మెయిల్ పెట్టండి.
మన పదింటి మీటింగ్ చైనాలో పన్నెండున్నరకు, దుబాయ్‌లో ఎనిమిదిన్నరకు. ఏ వేళల్లో దొరుకుతారో, మొదట ఎక్కడ వెతకాలో, అది కలవకపోతే రెండో దారేమిటో, ఒక రోజంతా జాడ లేకపోతే మీ బదులు నిర్ణయం ఎవరు తీసుకోవాలో నాలుగు వరుసల్లో రాయండి. నెట్ పోవడాన్ని ఏ మేనేజరైనా అర్థం చేసుకుంటాడు. మనిషి ఏమయ్యాడో తెలియకపోతేనే కంగారు, కోపం, ఆ తర్వాత అనుమానం. ఆ మెయిల్ ఉంటే కలవని రోజున కూడా మీ పని ఆగదు, మీ మాటా పోదు.